22 లాన్లు ఉన్నా చేతిలో మిగలట్లేదు: రేటు పెంచాలా, అప్పు చేసి పెద్ద మిషన్ కొనాలా?

కొత్తచిగురు:
అందరికీ నమస్తే. ఎనిమిది నెలల క్రితం ఒక తోపుడు మిషన్, ఒక ట్రిమ్మర్‌తో ఇళ్ళ దగ్గర లాన్ కోసే పని మొదలుపెట్టాను. నేనెవరో ఎవరికీ తెలియదు కాబట్టి అందరికంటే తక్కువ రేటు చెప్పాను, పని బాగానే వచ్చింది, ఇప్పుడు 22 ఇళ్ళు అయ్యాయి. పొద్దున వెళ్తే చీకటి పడ్డాక వస్తున్నాను, అయినా పెట్రోలు, రిపేర్లు పోగా నెలాఖరుకి ఏమీ మిగలట్లేదు. మా ఆయన అప్పు చేసి పెద్ద మిషన్ కొని ఇంకో పది ఇళ్ళు పట్టమంటున్నారు. నాకేమో రేటు పెంచాలని ఉంది, కానీ ఉన్నవాళ్ళు కూడా పోతారేమోనని టెన్షన్. ఈ పనిలో ఉన్నవాళ్ళు చెప్పండి.

మోటారుబండి:
చెల్లీ, మీ ఆయన చెప్పిందే కరెక్ట్. మీ దగ్గరున్నది 21 అంగుళాల వెడల్పు కోసేదే అయుంటుంది. 48 అంగుళాల మిషన్ ఒక్కసారి వెళ్తే మీది రెండుసార్లు తిరిగినదానికంటే ఎక్కువ నేల కోస్తుంది. గంటకి ఎంత నేల కోశామన్నదే ఇక్కడ లెక్క. రేటు పెంచారనుకోండి, మర్నాడే ఇంకొకడు మీ పాత రేటుకి వచ్చి నిలబడతాడు. నేను రెండో ఏడాదే అప్పు చేసి పెద్దది తీసుకున్నాను, ఏడాదిన్నరలో తీరిపోయింది. భయపడితే ఎప్పటికీ తోపుడు మిషన్ దగ్గరే ఉండిపోతారు.

పాతసాన:
అన్నా, మీవి పెద్ద పెద్ద ఖాళీ స్థలాలై ఉంటాయి, అక్కడికి మీ లెక్క సరిపోతుంది. ఈవిడవి ఇళ్ళు. పెరటి గేటు 36 అంగుళాలే ఉంటే 48 అంగుళాల మిషన్ లోపలికి ఎలా పోతుంది? దాన్ని బయట పెట్టి మళ్ళీ తోపుడు మిషనే దించుకోవాలి. చెట్ల మొదళ్ళు, పూలమడులు, మెట్ల అంచులు అన్నీ ట్రిమ్మర్ పనే, ఏ మిషన్ కొన్నా ఆ టైం తగ్గదు.

అమ్మా, అప్పు సంగతి తర్వాత, ముందు ఒక్క వారం పాటు జేబులో చిన్న పుస్తకం పెట్టుకోండి. ఇంట్లోంచి బయల్దేరిన దగ్గర్నుంచి తిరిగొచ్చేదాకా ఎంతసేపు కోశారు, ఎంతసేపు దారిలో ఉన్నారు, మిషన్ ఎక్కించి దించడానికి ఎంత పట్టింది, ఫోన్లో బేరాలకి ఎంత పోయింది, అన్నీ రాయండి. మనకి డబ్బులిచ్చేది కోతకే. మిగతాదంతా మన జేబులోంచి పోయే టైం, దాన్ని పెద్ద మిషన్ ఒక్క నిమిషం కూడా తగ్గించదు.

ఇంకో మాట. తక్కువ రేటు వల్ల డబ్బే కాదు, పని కూడా పాడవుతుంది. నేను మొదట్లో రోజుకి తొమ్మిది ఇళ్ళు ఒప్పుకుని, సాన పట్టించే తీరిక కూడా లేక మొద్దుబారిన బ్లేడుతోనే నెలన్నర లాగాను. ఒకావిడ నన్ను గేటు దగ్గరికి పిలిచి, ఒక గడ్డిపోచ తెంపి నా అరచేతిలో పెట్టింది. కొస నున్నగా తెగలేదు, పీచులు పీచులుగా చీలి, చీలినంత మేరా తెల్లగా ఎండిపోయింది. తలెత్తి చూస్తే లాన్ అంతా పైపైన గోధుమరంగు పట్టినట్టుంది. ఆవిడ ఏమీ అనలేదు. తర్వాతి వారం నుంచి పిలవలేదు, అంతే. 20, 25 గంటల కోతకి ఒకసారి బ్లేడు సాన పట్టాల్సిందే, రెండు బ్లేడులుంటే ఒకటి మిషన్‌లో, ఒకటి సాన దగ్గర.

మొదటిఅడుగు:
రేటు తక్కువ పెట్టడం తప్పంటే నేను ఒప్పుకోను. మొదటి పది ఇళ్ళు నాకు బడి లాంటివి. తడి గడ్డి కోస్తే మిషన్ కింద ముద్ద కట్టి చోట్లచోట్లా ఉండలు పడతాయని, చక్రాల అచ్చులు దిగిపోతాయని అక్కడే తెలిసింది. రాయి ఎగిరి కిటికీ అద్దం పగిలితే ఎంత కట్టాలో కూడా అక్కడే తెలిసింది (బీమా తీసుకోండి, దయచేసి). అలాంటి పనికి పూర్తి రేటు ఎలా అడుగుతాం? కాకపోతే ఎన్నాళ్ళు తక్కువకి చేస్తామో మొదటిరోజే చెప్పాలి. మూడు నెలల తర్వాత ఇంత అవుతుందని ముందే చెప్పి పెట్టాను కాబట్టి నన్ను ఎవరూ నిలదీయలేదు.

పచ్చబాట:
అక్కా, మీ 22లో రెండు వారాలకోసారి రమ్మనేవాళ్ళు ఎంతమంది? నాకు అసలు దెబ్బ అక్కడే తగిలింది. రేటు అదే, గడ్డి రెండింతలు. పైగా "ఇంకా కిందికి కోయండి, మళ్ళీ తొందరగా రానక్కర్లేదు" అంటారు. గడ్డి ఎత్తులో ఒక్కసారికి మూడో వంతుకి మించి తీయకూడదు. 3 అంగుళాల ఎత్తు ఉంచాలంటే నాలుగున్నర దాటకముందే కోయాలి, మరీ కిందికి తీస్తే ఆకంతా పోయి వేరు బలం తగ్గి, ఖాళీల్లో కలుపు లేస్తుంది, అప్పుడు మాట పడేది మనమే. అందుకే పెరిగే కాలంలో రెండు వారాలకోసారి అంటే నేను ఎక్కువ తీసుకుంటాను. వారంవారం కోసే చోట చిన్న ముక్కలుగా కోసి లాన్ మీదే వదిలేస్తాను, ఏడాదికి కావలసిన నత్రజనిలో నాలుగో వంతు దాకా వాటి నుంచే నేలకి తిరిగొస్తుంది, నాకు సంచులు మోసే పని తప్పుతుంది.

పోతారన్న భయానికి ఒక లెక్క. 15 ఇళ్ళ దగ్గర 25 శాతం పెంచితే 3 ఇళ్ళు పోయినా వచ్చే డబ్బు అంతే, పని మాత్రం 3 ఇళ్ళంత తక్కువ.

మోటారుబండి:
గేటు సంగతి ఒప్పుకుంటాను, నావి ఎక్కువగా ఖాళీ స్థలాలే. కానీ మీరందరూ ఒకటి మర్చిపోతున్నారు. ఒంటరిగా 22 ఇళ్ళు తోస్తే నడుం ఎన్నేళ్ళు ఆగుతుంది? జ్వరం వచ్చి పది రోజులు పడుకుంటే గడ్డి మనకోసం పెరగడం ఆపదు. పెద్ద మిషన్ వద్దంటే కనీసం ఒక మనిషిని పెట్టుకోవాలి, ఆ మనిషి జీతం ఈ రేట్లలో రాదు. ఇంకోటి, రేటు పెంచితే బేరమాడేవాళ్ళే పోతారని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. ఒక్కోసారి మనల్ని బాగా చూసుకున్న పెద్దవాళ్ళే చేతకాక మానేస్తారు. అది చాలా బాధగా ఉంటుంది.

పాతసాన:
జీతం ఈ రేట్లలో రాదని మీరే అన్నారు కదా అన్నా. అప్పు వాయిదా మాత్రం ఎలా వస్తుంది?

కొత్తచిగురు:
వారం పాటు అన్నీ రాశాను, పాతసాన గారూ. మొత్తం 46 గంటలు. అందులో కోత, ట్రిమ్మింగ్ 24. దారిలో 11. ఎక్కించడం, దించడం, కడగడం, పెట్రోలు పోయించడం 7. ఫోన్లు, బేరాలు 4. నేను రేటు చెప్పింది 24 గంటలకి, పోయింది 46. మిషన్ మార్చినా ఆ మిగతా 22 అలాగే ఉంటాయని మా ఆయనకి పుస్తకం చూపిస్తే ఆయన కూడా కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇంకా వింత ఏంటంటే, ఒకే సందులో 5 ఇళ్ళున్నాయి, మిషన్ ఒక్కసారి దించి ఒకదాని తర్వాత ఒకటి తోసుకుంటూ వెళ్తే మధ్యాహ్నానికి అన్నీ అయిపోయాయి. దూరంగా విడివిడిగా 6 ఇళ్ళున్నాయి, వాటిలో ఒకదానికి వెళ్ళి రావడానికే గంటన్నర, కోత 40 నిమిషాలు. నేను ఇన్నాళ్ళూ అన్నిటికీ ఒకటే రేటు తీసుకుంటున్నాను!

ఆ 6 ఇళ్ళకి వచ్చే నెల నుంచి కొత్త రేటు అని నిన్న ఫోన్ చేసి చెప్పాను. ఇద్దరు సరే అన్నారు, ముగ్గురు ఆలోచించి చెప్తామన్నారు, ఒకరు వద్దన్నారు. వద్దన్నాయన గురించి రాత్రంతా ఆలోచించాను, మోటారుబండి అన్న చెప్పింది నిజమే, బాధగానే ఉంది. పోయిన ఇళ్ళ బదులు ఆ సందులోనే అడుగుతాను, ఇంకా 9 ఇళ్ళ ముందు లాన్లున్నాయి, గేట్లు లెక్కపెట్టుకుని వచ్చాను. అప్పు ఇప్పుడు వద్దనుకున్నాం. పది ఇళ్ళు ఒకే చోట కుదిరితే వారానికి రెండు రోజులు మా ఆడపడుచు కొడుకు వస్తానన్నాడు, వాడికి ఎంతివ్వాలో ముందే లెక్కేసి ఆ సందు రేటులో కలిపాను.

బ్లేడు ఇవాళ విప్పి చూశాను. అంచంతా గుండ్రంగా అరిగిపోయి రెండు చోట్ల రాయి తగిలి వంకర పోయింది. ఇది సానకి పంపి, ఇంకోటి కొన్నాను.