సర్పంచ్ భర్త పెత్తనానికి శిక్ష ఎవరికి పడాలి?

చర్చ ప్రారంభించినవారు:
మహిళా సర్పంచుల పేరున భర్తలు, కొడుకులు అధికారం చెలాయించడాన్ని అరికట్టే మార్గాల కోసం కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2023లో ఒక సలహా సంఘాన్ని నియమించింది. పెత్తనం రుజువైతే కఠిన శిక్షలుండాలని ఆ సంఘం సిఫారసు చేసింది. నా అభిప్రాయం ఇంకా సూటిగా ఉంటుంది: అటువంటి సర్పంచ్‌ను పదవి నుంచి తొలగించాలి. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి మూడింట ఒక వంతు స్థానాలు స్త్రీలకిచ్చింది, మన రెండు రాష్ట్రాల్లో అది సగానికి పెరిగింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఓటర్లు ఒకరిని ఎన్నుకుంటే మరొకరు ఏలుతున్నారంటే అది ఓటుకే అవమానం.

విశ్రాంత పంచాయతీ కార్యదర్శి:
మీ ఆవేదన న్యాయమైనదే గానీ, మీరు కోరిన శిక్ష పడేది ఆ ఇంట్లో అందరికన్నా బలహీనురాలి మీద. పెత్తనం ఎలా సాగుతుందో దగ్గరగా చూసినవాడిగా చెబుతున్నాను. సమావేశం నోటీసు భర్త చేతికి అందుతుంది. ఆయన వచ్చి సర్పంచ్ కుర్చీలోనో దాని పక్కనో కూర్చుంటాడు. చర్చ ముగిశాక తీర్మానాల పుస్తకం సంతకం కోసం ఇంటికి వెళుతుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ ఉద్యోగి సహకారం లేకుండా జరగదు. అందువల్ల మొదట జవాబు చెప్పవలసినవాడు కార్యదర్శి, అతన్ని చూసీ చూడనట్టు వదిలేసిన మండల అధికారి.

పైగా, సర్పంచ్‌ను తొలగిస్తే బాధ్యతలు ఎవరికి వెళతాయో ఆలోచించండి. ఉప సర్పంచ్‌కు. ఆ పదవికి రిజర్వేషన్ లేదు కనుక చాలా ఊళ్లలో అది బలమైన కులానికో వర్గానికో దక్కుతుంది. తెలంగాణలో 2018 చట్టం చెక్కులపై ఉప సర్పంచ్ సంతకాన్ని కూడా తప్పనిసరి చేసినప్పుడే, ఎదురు తిరిగిన దళిత మహిళా సర్పంచ్‌ను ఒక్క సంతకం ఆపి నిలువరించే అవకాశం ఏర్పడింది. ఇప్పుడు తొలగింపు నిబంధన కూడా చేరితే, భర్త సమావేశానికి తోడు వచ్చాడన్న ఫిర్యాదు ఒక్కటే ఆమెను దించడానికి చాలు.

చర్చ ప్రారంభించినవారు:
కార్యదర్శి గారూ, మరి ఖాళీ చెక్కులపై సంతకం పెట్టిన సర్పంచ్‌కు ఏ బాధ్యతా లేదంటారా? నిధులు ప్రజలవి.

విశ్రాంత పంచాయతీ కార్యదర్శి:
నిధుల దుర్వినియోగానికి బాధ్యత స్త్రీకైనా పురుషుడికైనా ఒక్కటే, అందులో మినహాయింపు కోరడం లేదు. భర్త జోక్యాన్ని మాత్రం ఆమె నేరంగా లెక్కించవద్దంటున్నాను.

మాజీ వార్డు సభ్యురాలు:
శిక్ష గురించే ఇంతసేపు మాట్లాడుకుంటున్నాం, పని నేర్చుకునే వ్యవధి గురించి ఎవరూ ఎత్తలేదు. డ్వాక్రా సంఘంలో పొదుపు లెక్కలు, బ్యాంకు పనులు చూసుకున్న స్త్రీకి పంచాయతీ లెక్కలు అర్థం కావనడం సరికాదు. అయితే బడ్జెట్, అంచనాలు, బిల్లులు చేతికి పట్టుబడేసరికి పదవీకాలంలో సగం గడిచిపోతుంది. ఐదేళ్లు నిండగానే స్థానం జనరల్ అయితే ‘నీ పని అయిపోయింది, ఇక ఇంట్లో ఉండు’ అంటారు. పశ్చిమ బెంగాల్ పంచాయతీలపై 2009లో వెలువడిన అధ్యయనంలో, వరుసగా రెండుసార్లు మహిళలకు రిజర్వు అయిన చోట్ల ఆ తర్వాత రిజర్వేషన్ లేని స్థానాల్లో పోటీ చేసి గెలిచిన స్త్రీల సంఖ్య దాదాపు రెట్టింపయిందని తేలింది. బీర్భూమ్ జిల్లాలో అంతకుముందు జరిగిన మరో పరిశోధన, మహిళలు అధ్యక్షులుగా ఉన్న పంచాయతీలు తాగునీటికి ఎక్కువ ఖర్చు చేశాయని చూపింది. బిందె మోసేవాళ్లు నిర్ణయం తీసుకుంటే ఎక్కడ తేడా వస్తుందో ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు? కనుక ఒక స్థానాన్ని రెండు విడతలు మహిళకే ఉంచాలని నా కోరిక. మహారాష్ట్రలో ఉన్నట్టు గ్రామసభకు ముందు మహిళల సభ జరిపి, అక్కడ తేలిన అంశాలను ఎజెండాలో చేర్చాలి.

విశ్రాంత పంచాయతీ కార్యదర్శి:
మహిళా సభను పూర్తిగా సమర్థిస్తున్నాను. రెండు విడతల విషయంలో ఒక చిక్కుంది: వంతు కోసం ఎదురుచూసే ఎస్సీ, ఎస్టీ, బీసీ వర్గాలు పదేళ్లు ఆగవలసి వస్తుంది, వారిలోని స్త్రీలు కూడా.

మాజీ వార్డు సభ్యురాలు:
ఆ చిక్కు నిజమే. దానికి నా దగ్గరున్న మార్గం, మొత్తం పంచాయతీలను కాకుండా ప్రతి మండలంలో కొన్నింటినే అలా ఉంచి, ఆ కొన్నింటిలో ఎస్సీ, ఎస్టీ, బీసీ మహిళల స్థానాలను ముందుగా ఎంచడం. అప్పుడు వారికి వంతు తప్పదు, పని నేర్చుకున్న స్త్రీకి మరో అవకాశమూ పోదు.

చర్చ ప్రారంభించినవారు:
తొలగింపు నిబంధన ఉండాలన్న మాట మీద నేను ఇప్పటికీ నిలబడే ఉన్నాను. అయితే దానికి ముందు ఒక మెట్టు చేర్చడానికి అంగీకరిస్తాను: సమావేశంలో సభ్యులు కానివారు ఎవరెవరు కూర్చున్నారో తీర్మానాల పుస్తకంలో అక్కడికక్కడే నమోదు చేయాలి, చేయని కార్యదర్శిపై మొదటి చర్య తీసుకోవాలి.