ఫర్నేస్ హ్యూమిడిఫయర్ ఆన్‌లోనే ఉన్నా ఇంట్లో తేమ పెరగడం లేదు

ప్రశ్న: ఇంటిని వేడిగాలితో వెచ్చబరిచే మా ఫర్నేస్‌కు బైపాస్ రకం హ్యూమిడిఫయర్ (ఆ గాలిలో కొంత భాగాన్ని పక్కదారిలో మళ్లించి తేమ కలిపే పరికరం) అమర్చి ఉంది. నిరుడు చలికాలమంతా బాగానే పనిచేసింది. ఈసారి హ్యూమిడిస్టాట్‌ను (ఇంట్లో ఎంత తేమ కావాలో సెట్ చేసే మీటను) 45 శాతం దగ్గర పెట్టినా ఇంట్లో తేమ 22 శాతం దాటడం లేదు. డ్రెయిన్ గొట్టంలో నీటి చుక్క కూడా కనబడడం లేదు. పిల్లల పెదవులు పగిలి మంటపుడుతున్నాయి. యూనిట్ మొత్తం మార్చవలసిందేనా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: మార్చే ఆలోచన ఇప్పుడే వద్దండి. ఈ రకంలో నీరు ప్యాడ్ (గాలి దూరే జాలీ పలక) మీదుగా జారుతున్నప్పుడు కొంత ఆవిరై, మిగిలినది డ్రెయిన్‌లోకి పోవాలి. అక్కడ సన్నని ధారైనా లేదు, యూనిట్ కింద నీరు పొంగడమూ లేదు అంటే, అసలు ప్యాడ్‌కు నీరే చేరడం లేదని అర్థం. ఫర్నేస్ వేడిగాలి ఇస్తున్న సమయంలో హ్యూమిడిస్టాట్‌ను గరిష్ఠానికి తిప్పి, సొలినాయిడ్ వాల్వ్ (కరెంటుతో తెరుచుకునే నీటి వాల్వ్) దగ్గర చెవి పెట్టి వినండి. చాలా యూనిట్లలో వేడి, ఫ్యాను రెండూ నడుస్తున్నప్పుడే ఆ వాల్వ్ తెరుచుకుంటుంది కాబట్టి, ఫర్నేస్ ఆగి ఉన్నప్పుడు పరీక్షిస్తే బాగున్నదాన్నే పాడైందనుకునే ప్రమాదం ఉంది.

టక్కుమనే శబ్దం రాకపోతే వాల్వ్ తీగల దగ్గర మల్టీమీటర్‌తో చూడండి. సాధారణంగా 24 వోల్టులు ఉండాలి. వోల్టేజీ ఉండి కూడా వాల్వ్ కదలకపోతే దాని కాయిల్ పోయినట్టే; వోల్టేజీయే లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్, హ్యూమిడిస్టాట్, వైరింగ్ వరసగా చూడాలి. శబ్దం వచ్చి నీరు రాకపోతే మాత్రం నీటి పైపు మీది చిన్న వాల్వ్ మూసి ఉందేమో, లోపలి జల్లెడ పూడిందేమో, ఆరిఫైస్ (నీటి ప్రవాహాన్ని పరిమితం చేసే సన్నని రంధ్రమున్న ముక్క) మూసుకుపోయిందేమో చూడండి. ఏది విప్పే ముందైనా ఫర్నేస్ కరెంటు ఆపి, నీరు కట్టేయడం తప్పనిసరి.

ప్రశ్నించినవారు: శబ్దం స్పష్టంగా వినబడుతోంది. ఆరిఫైస్ విప్పి చూస్తే దాని రంధ్రం తెల్లటి గారతో పూర్తిగా పూడిపోయి ఉంది. సూదితో పొడిచి తెరవవచ్చా?

జవాబు: సూది వాడకండి. ఆ రంధ్రం పరిమాణమే ప్యాడ్‌కు ఎంత నీరు అందాలో నిర్ణయిస్తుంది. అది పెద్దదైతే నీరు వృథాగా డ్రెయిన్‌లోకి పోతుంది. వెనిగర్‌లో నానబెట్టి కడిగితే గార కరిగిపోతుంది. పనిలో పనిగా ప్యాడ్ పైనున్న నీటి ట్రే కూడా తీసి కడగండి. అందులోని రంధ్రాల్లో కొన్ని మూసుకుపోయినా, యూనిట్ ఒక పక్కకు ఒరిగినా, ప్యాడ్ ఒకవైపే తడిసి మిగతా సగం ఎండిపోయి పెంకులా గట్టిపడుతుంది. అలాంటి ప్యాడ్‌ను కడిగి వాడడం నాకు నచ్చని పని. ఏటా చలికాలం మొదట్లో కొత్తది వేయడమే మంచిది. నీటిలో ఖనిజాలు ఎక్కువైతే ఇంకా ముందే మార్చవలసి రావచ్చు. ప్యాడ్ మీద రంగు గుర్తు ఉంటే అది పైవైపుకు రావాలి.

మరొక సభ్యుని జవాబు: పై సలహాలన్నీ సరైనవే కానీ, ఆ 45 శాతం సెట్టింగు గురించి నాకు ఆందోళనగా ఉంది. యూనిట్ బాగుపడ్డాక దాన్ని అక్కడే ఉంచితే, గట్టి చలిలో కిటికీ అద్దాల మీద నీరు పట్టడమే కాక, కంటికి కనబడని గోడల లోపల కూడా తేమ చేరి బూజు పుట్టవచ్చు. బయట మైనస్ 7 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు సుమారు 35 శాతం, మైనస్ 18 ఉన్నప్పుడు సుమారు 25 శాతం సరిపోతుంది. అద్దాల అంచుల్లో చెమ్మ కనబడగానే ఇంకాస్త తగ్గించండి. హ్యూమిడిస్టాట్ అంకెను మాత్రమే నమ్మకుండా తేమను కొలిచే ఒక విడి హైగ్రోమీటర్ గదిలో ఉంచుకోండి.

బైపాస్ డ్యాంపర్ (ఆ పక్కదారి గాలి గొట్టాన్ని తెరిచి మూసే రేకు) చలికాలపు స్థానంలో తెరిచి ఉందో లేదో కూడా చూడండి. అది మూసి ఉంటే ప్యాడ్ ఎంత తడిసినా దాని గుండా గాలి సరిగా పోదు. చలికాలం ముగిశాక దాన్ని మూసి, నీరు కూడా కట్టేయండి.