పీఆర్ (శాశ్వత నివాస) కార్డు ఇండియాలో పోయింది, కెనడాకి తిరిగి ఎలా వెళ్లాలి?

గోదారిపిల్ల:
అందరికీ నమస్తే. మేం ఉండేది బ్రాంప్టన్‌లో. నాన్నగారికి బైపాస్ చేశారని రాజమండ్రి వచ్చాను. నిన్న వైజాగ్ నుంచి వస్తుంటే రైల్లో హ్యాండ్‌బ్యాగ్ కొట్టేశారు. పాస్‌పోర్టు ఇంట్లో ఉండబట్టి సరిపోయింది. పీఆర్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు మాత్రం పోయాయి. వచ్చే నెల రిటర్న్ టికెట్. మా ఆయన, పాప అక్కడే ఉన్నారు. ల్యాండింగ్ పేపరు (పీఆర్‌గా మొదట దిగినప్పటి పత్రం) స్కాన్ మెయిల్‌లో ఉంది, అది చూపిస్తే విమానం ఎక్కనిస్తారా? లేక విజిటర్ వీసా తీసుకోవాలా? రాత్రంతా నిద్ర లేదు.

శ్రీను_కడప:
అమెరికా వీసా ఉందా అండీ? మా బావమరిది అమెరికాలో కెనడా బోర్డరు పక్కనుండే బఫెలో దాకా విమానంలో వెళ్లాడు. వాళ్లన్నయ్య కారేసుకొచ్చి బోర్డరు దాటించాడు. సొంత కార్లో వెళ్తే పాస్‌పోర్టు, ల్యాండింగ్ పేపరు చూసి పంపించారు.

ఓరుగల్లు_కాల్గరీ:
శ్రీను గారు చెప్పింది నిజమే, కానీ అమెరికా వీసా ఉన్నవాళ్లకే. అది లేకపోతే ఆ ఆలోచన పక్కన పెట్టండి.

ముందు ధైర్యంగా ఉండండమ్మా. పోయింది కార్డే, మీ పీఆర్ ఎక్కడికీ పోలేదు. అయితే ల్యాండింగ్ పేపరుతో విమానం ఎక్కనివ్వరు. విజిటర్ వీసా జోలికి అసలు వెళ్లొద్దు, అది పీఆర్‌లకి కాదు. ఇండియా నుంచి కొత్త కార్డుకి అప్లై చేయడమూ కుదరదు.

మీకు కావలసింది పీఆర్ ట్రావెల్ డాక్యుమెంట్. ఆన్‌లైన్‌లో కెనడా ఇమిగ్రేషన్ వాళ్ల పీఆర్ పోర్టల్ ద్వారా అప్లై చేయాలి, ఫీజు 50 కెనడా డాలర్లు. ఒప్పుకున్నాక పాస్‌పోర్టు పంపమంటారు, అందులో స్టిక్కర్ అంటించి ఇస్తారు. అది చూపిస్తే విమానం ఎక్కనిస్తారు.

వాళ్లు ముఖ్యంగా చూసేది గత 5 ఏళ్లలో 730 రోజులు కెనడాలో ఉన్నారా అని. మా అమ్మ తుంటి ఎముక విరిగి వరంగల్‌లో ఉండిపోయినప్పుడు కార్డు గడువు దాటింది. ఆమె అప్లికేషన్ నేనే నింపాను. పాస్‌పోర్టులో కెనడా ముద్రలు సరిగా లేవు. శంషాబాద్ ఇమిగ్రేషన్ ముద్రలు ఒక్కొక్కటీ భూతద్దం పెట్టి చదివి, పాత బోర్డింగ్ పాసుల మెయిళ్లతో సరిపోల్చి తేదీలు రాశాం. మీరు ఉద్యోగం చేస్తుంటే పే స్లిప్పులు, ట్యాక్స్ నోటీసులు బాగా పనికొస్తాయి. ఒక్క రోజు కూడా ఎక్కువ చేసి రాయకండి. 730 తగ్గినా, పెద్దవాళ్ల అనారోగ్యం లాంటి కారణాలుంటే కాగితాలతో సహా వివరించుకునే అవకాశం ఉంది. అబద్ధం దొరికితే మాత్రం పీఆర్‌కే ముప్పు.

గోదారిపిల్ల:
మీ మాటతో ప్రాణం లేచొచ్చిందండీ. అమెరికా వీసా లేదు. మేం ల్యాండయ్యి మూడేళ్లే అయింది, మరి 5 ఏళ్ల లెక్క ఎలా? అర్జెంటుగా ఇమ్మని అడగొచ్చా?

ఓరుగల్లు_కాల్గరీ:
ల్యాండయ్యి 5 ఏళ్లు నిండనివాళ్లు, ఆ 5 ఏళ్లు నిండేలోపు మొత్తం 730 రోజులు పూర్తి చేయగలిగితే చాలు. మీకు ఇబ్బంది ఉండదు. అర్జెంటు అడగొచ్చు. టికెట్ కాపీ పెట్టి, పాప అక్కడ ఉందని ఉత్తరంలో రాయండి. అంత త్వరగా ఇస్తారని భరోసా లేదు కాబట్టి, టికెట్ తేదీ మార్చుకునే వీలుందేమో ఇవాళే కనుక్కోండి.

రైల్వే పోలీసులకి ఫిర్యాదు ఇచ్చి కాపీ తీసుకోండి. ఈ డాక్యుమెంట్ మామూలుగా ఒక్క ప్రయాణానికే. బ్రాంప్టన్ చేరాక కొత్త కార్డు వచ్చేదాకా మళ్లీ దేశం దాటకండి. నాన్నగారు ఎలా ఉన్నారు?