చవక డీవీడీ ప్యాకుల్లో మంచి థ్రిల్లర్లు ఏరుకోవడం ఎలా?

రాత్రిఆట:
పేరు కూడా వినని చిన్న బడ్జెట్ థ్రిల్లర్ల కోసం పాత డీవీడీలు వెతుకుతున్నాను. ఇరవయ్యో యాభయ్యో సినిమాలు కుక్కిన ప్యాకుల అట్టలన్నీ ఒకేలా ఉన్నాయి: తుపాకీ, నీడ, ఎర్రక్షరాలు. కొనేముందు ఏం చూడాలి? ఇంకోటి, చీకటి సీన్లలో బొమ్మంతా గళ్లుగళ్లుగా విడిపోతోంది. లోపం డిస్కుదా, ప్లేయర్‌దా?

మూడోరీలు:
అట్ట తిప్పి వెనక చిన్నక్షరాలు చదవండి. దర్శకుడు, సంవత్సరం, నిడివి. ఈ మూడూ లేని ప్యాకు జోలికి పోవద్దు. ఇలాంటి సినిమాలకు పేర్లు మార్చి అమ్మడం మామూలే, పేరొక్కటే నమ్మితే ఇంట్లో ఉన్నదే మళ్లీ కొంటారు. ముందు అట్టమీద పెద్దగా ఉన్న మొహం కూడా నమ్మకండి. ఆ నటుడికి తర్వాతెప్పుడో పేరొచ్చి ఉంటుంది, ఇందులో రెండు సీన్లకు మించి ఉండడు.

1940, 50ల నాటివైతే 60 నుంచి 75 నిమిషాలవి ముందు చూడండి. పెద్ద సినిమాకు జోడీగా వేయడానికి తీసినవి కాబట్టి సాగదీసే తీరిక ఉండదు. అమెరికాలో 1964కు ముందు వచ్చిన సినిమాలకు 28వ ఏట కాపీరైట్ రెన్యూ చేయించాల్సి ఉండేది. చేయించకపోతే ఎవరైనా డిస్కు వేసుకోవచ్చు. ఈ ప్యాకుల్లో అవే ఎక్కువ. అంతమాత్రాన చెత్తవి కావు: ఎడ్గార్ ఉల్మర్ ‘డీటూర్’ (1945), ఐడా లుపినో ‘ది హిచ్-హైకర్’ (1953) రెండూ ఈ దారిన వచ్చినవే. మొదటిదానికి 2018లో శుభ్రం చేసిన ప్రింటు వచ్చింది. చవక డిస్కులో కథ నచ్చితే అది చూడండి, వేరే సినిమాలా ఉంటుంది.

గీతలడిస్కు:
గళ్ల సంగతి నేను చెప్తా. ఒక పొర డిస్కులో పట్టేది 4.7 జీబీ. అందులో 80 నిమిషాల సినిమాలు నాలుగు పెడితే, శబ్దంతో కలిపి సెకనుకు 2 మెగాబిట్ల సమాచారం కూడా రాదు. డీవీడీలో బొమ్మ ఒక్కదానికే 9.8 దాకా వాడుకోవచ్చు. నలుపు మెల్లగా బూడిదరంగులోకి మారే గోడలు, పొగమంచు, ముందుగా అక్కడే చెడుతుంది. థ్రిల్లర్ అంటేనే అవి కదా! ప్లేయర్ మార్చినా లాభం లేదు. టీవీలో షార్ప్‌నెస్ బాగా తగ్గించండి, కొంత మెరుగు. డిస్కుకు రెండు సినిమాలకు మించని ప్యాకులే తీసుకోండి.

గళ్లు ప్రతిసారీ అదే సీన్లో వచ్చి, బొమ్మ ఆగకుండా నడిస్తే ఇదే కారణం. బొమ్మ బిగుసుకుపోయినా, గెంతినా అది మురికో గీతో. మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవండి. గుండ్రంగా తుడిస్తే పడే గీత ట్రాక్ వెంబడే పోతుంది, వరుసగా అంత పోతే ప్లేయర్ సరిదిద్దుకోలేదు. రెండువైపులా సినిమాలున్న డిస్కుకు పైన బొమ్మ ఉండదు, రంధ్రం చుట్టూ సన్నటి వలయంలోనే పేర్లుంటాయి. దాన్ని అంచులతోనే పట్టుకోండి.

రాత్రిఆట:
ఒకదాని నిడివి 90 నిమిషాలని నెట్‌లో ఉంది, డిస్కులో 86. కోసేశారా? ఇంకో డిస్కు మీద వైడ్‌స్క్రీన్ అని రాసి ఉంది, కానీ నాలుగువైపులా నల్ల పట్టీలు.

మూడోరీలు:
90కి 86 వస్తే కోత కాదండీ. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను పాల్ (PAL, ఇండియా, యూరప్‌ల టీవీ పద్ధతి) డిస్కులో 25గా నడిపిస్తారు, నూటికి నాలుగు తగ్గుతుంది. గొంతులు కాస్త సన్నబడతాయి. 78కి దిగితే మాత్రం టీవీ కోసం కత్తిరించిన ప్రింటని అనుమానించాలి.

నాలుగువైపులా పట్టీలంటే పాత చదరపు టీవీకి చేసిన డిస్కు. టీవీలో జూమ్ నొక్కితే నిండుతుంది, బొమ్మ మెత్తబడుతుంది. ‘16:9’ అని విడిగా రాసి ఉంటే ఈ తంటా ఉండదు.

గీతలడిస్కు:
పాల్ డిస్కులు కంప్యూటర్‌లో వేసే పనైతే రీజియన్ కోడ్ (డిస్కు ఏ దేశాల్లో ఆడాలో చెప్పే అంకె) చూసుకోండి. మామూలు డ్రైవులో రీజియన్ ఐదుసార్లే మార్చనిస్తుంది, ఐదోసారి పెట్టిందే ఖాయం. అట్టమీద 0 ఉంటే ఎక్కడైనా ఆడుతుంది, ఆ గొడవ లేదు.