ఇషాపూర్ 2ఏ1 రైఫిల్‌కి స్కోపు (దూరం చూసే దుర్భిణి) పెట్టాలి, బడ్జెట్ 250 డాలర్లు. ముందు ఏం చేయాలి?

అనంతపురం_అబ్బాయి (డాలస్):

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

మా నాన్న ఆర్మ్‌డ్ రిజర్వులో కానిస్టేబులు. ట్రెజరీ దగ్గర గార్డు డ్యూటీ పడితే మధ్యాహ్నం క్యారేజీ పట్టుకెళ్లేది నేనే. ఆయన అన్నం తింటున్నంతసేపూ గోడకి ఆనించిన త్రీనాట్‌త్రీని చూస్తూ కూర్చునేవాణ్ని. ముట్టుకోనిచ్చేవాడు కాదు.

గ్రీన్ కార్డు వచ్చిన రెండేళ్లకి, పోయిన డిసెంబరులో, ఇక్కడ ఒక పాత తుపాకుల షాపులో అచ్చం అలాంటిదే కనపడింది. మ్యాగజైన్ మాత్రం పలకలుగా, డబ్బాలా ఉంది. తుపాకి మడమ (భుజానికి ఆనే వెనక చెక్క) మొదట్లో ఉన్న ఇనప పట్టీ మీద ఆర్ఎఫ్ఐ, 2ఏ1, 1966 అని చెక్కి ఉంది. బెంగాల్లో ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీది! 1962 యుద్ధం తర్వాత పాత త్రీనాట్‌త్రీ నమూనానే గట్టి స్టీలుతో 7.62 నాటో తూటాకి సరిపడేలా చేసిన రైఫిల్ ఇది. 425 డాలర్లు ఇచ్చి తెచ్చుకున్నా.

ఇప్పుడు సమస్య. 100 గజాల దగ్గర ఇసక సంచుల మీద పెట్టి కాలిస్తే ఐదు గుళ్లు ఏడంగుళాల్లో పడుతున్నాయి. మొదటి రెండూ పక్కపక్కనే ఉంటాయి. మూడోదాన్నుంచి కుడివైపు పైకి ఎక్కుతూ పోతాయి. నాకు 46 ఏళ్లు, బ్యాక్‌సైట్ మసగ్గా ఉంటుంది కాబట్టి తప్పు కళ్లదే అనుకుని, రంధ్రాలు చేయక్కర్లేకుండా పక్కన బిగించే చవక మౌంటు (స్కోపుని నిలిపే దిమ్మ) ఒకటి తెప్పించా. 12 రౌండ్లకే మౌంటు జరిగిపోయింది. వాపసు పంపేశా.

రైఫిల్‌కి డ్రిల్లు పెట్టడం నాకు ఇష్టం లేదు. 250 డాలర్లలో స్కోపుతో కలిపి ఏం చేయగలను? తూటాలు 147 గ్రెయిన్ల బరువు గుండువి, రెండు మూడు రకాలు కలిసిన పెట్టె.

ప్లేనో_రెడ్డి:

బ్రో, నిజం చెప్పనా? దీన్ని గోడకి తగిలించి ఆ 250కి ఇంకో 200 కలుపు. చవక రకం కొత్త .308 (7.62 నాటోకి సివిలియన్ రూపం) బోల్టు రైఫిల్ వస్తుంది, పెట్టెలోంచి తీసి కాల్చినా గుళ్లన్నీ అంగుళంన్నరలో పడే గ్రూపు ఇస్తుంది. పాత మిలిటరీ తుపాకికి డబ్బు పోయడం అంటే పాత అంబాసిడర్‌కి అలాయ్ వీల్స్ వేయించడమే.

అనంతపురం_అబ్బాయి:

రెడ్డి గారూ, మీరన్నది కరెక్టే. కానీ మా నాన్న ఆ కొత్త .308ని మోయలేదుగా.

పాతచెక్క (ఒహాయో):

తమ్ముడూ, స్కోపు సంగతి కాసేపు పక్కన పెట్టు. రెండు గుళ్లు పక్కపక్కన పడి తర్వాతవి పైకి ఎక్కుతున్నాయంటే అది కంటి జబ్బు కాదు, చెక్క జబ్బు. మా నాన్న తెనాలి దగ్గర వడ్రంగి, నేను 15 ఏళ్లుగా ఎన్‌ఫీల్డులు (త్రీనాట్‌త్రీ, నీ 2ఏ1 ఈ జాతివే) బాగుచేసుకుంటున్నాను. ఇలాంటివి చాలా చూశాను.

అన్నిటికన్నా ముందు, బోల్టు (తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ) మీది నంబరు, రిసీవర్ (ఆ బోల్టు కూర్చునే ఇనప భాగం) మీది నంబరు ఒకటేనా? కాకపోతే ఇంకో రౌండు కూడా కాల్చకుండా గన్‌స్మిత్ దగ్గర హెడ్‌స్పేస్ (మూసిన బోల్టుకీ తూటా ఆనే చోటుకీ మధ్య దూరం) కొలిచే గేజి పెట్టించు. నంబరు కలిసినా పెట్టించడం మంచిదే. ఎన్‌ఫీల్డులో బోల్టు లాకు అయ్యేది వెనక వైపు, అందుకని దెబ్బకి రిసీవర్ కొద్దిగా సాగుతుంది. 7.62 నాటో అని రాసి ఉన్న మామూలు బాల్ తూటాలే వాడు. గట్టిగా దట్టించిన వేట .308 తూటాలు దీనికి వద్దు.

ఇక చెక్క. విప్పేటప్పుడు ముందు చెక్క మొదట తీయాలి, మడమ తర్వాత. ఇది గుర్తుపెట్టుకో. మడమ లోపలి పొడుగు మర బోల్టు కొస చదరంగా ఉండి, ముందు చెక్కలో ఉన్న ఇనప రేకులో కూర్చుంటుంది. ముందు చెక్క ఉండగానే ఆ బోల్టు తిప్పావంటే చెక్క నిలువునా చీలుతుంది. నా మొదటి రైఫిల్ అలాగే పగిలింది, ఆ రోజు రాత్రి అన్నం కూడా తినలేదు.

ట్రిగ్గర్ గార్డు, ముందు ఇనప బ్యాండ్లు తీసేశాక ముందు చెక్కని చేత్తో కిందికి లాగి చూడు. గట్టిగా పట్టుకుని ఉండాలి, కాస్త బలం పెడితేనే రావాలి. దానంతట అది ఊడి చేతిలో పడిందంటే దొంగ దొరికినట్టే. మ్యాగజైన్ వెనక, చెక్క లోపల కుడి ఎడమల రెండు చిన్న గట్లు ఉంటాయి, వీటిని డ్రాస్ అంటారు. తుపాకి తన్నే తన్నంతా అక్కడే ఆనుతుంది. ఏళ్ల తరబడి నూనె తాగి, ఎండి, ఆ గట్లు అరిగిపోతాయి. అప్పుడు ప్రతి రౌండుకీ రిసీవర్ చెక్కలో ఒక్కోచోట కూర్చుంటుంది. ఎంత ఖరీదైన స్కోపు పెట్టినా ఆ వణుకునే పెద్దది చేసి చూపిస్తుంది.

విజిటింగ్ కార్డంత మందం ఇత్తడి రేకు కోసి రెండు వైపులా సమానంగా ఎపాక్సీతో అతికించు. సమానంగా ఉందో లేదో తెలియాలంటే మా నాన్న తలుపు చట్రాలకి చేసే పద్ధతే: దీపం మసి పట్టించి బిగించు, మళ్లీ విప్పు. మసి ఒక వైపే అంటితే ఆ వైపు కొంచెం గీకు. ఇలా ఏడెనిమిది సార్లు చేయాల్సి వస్తుంది. టీవీలో క్రికెట్ పెట్టుకుని కూర్చో, తొందరపడకు.

మూతి దగ్గర, ముందు చెక్కలో ఒక చిన్న స్టడ్డూ దాని కింద స్ప్రింగూ ఉండాలి, బారెల్‌ని కిందనుంచి పైకి తోస్తూ ఉంటుంది. పాత యజమానులు ఎక్కువగా పోగొట్టేది దాన్నే. ఉందో లేదో చూడు. అది ఉన్నాక కూడా బారెల్, చెక్క కొసన ఉండే ఇనప టోపీని ఒక పక్కకి ఒరుసుకోకూడదు. ట్రిగ్గర్ గార్డు ముందు స్క్రూ పూర్తిగా బిగియాలి. దాని చుట్టూ ఉండే చిన్న గొట్టం పొడవు ఎక్కువైతే స్క్రూ బిగిసినట్టే ఉంటుంది, చెక్క మాత్రం వదులుగానే ఉంటుంది.

తర్వాత మూతి. తూటా ఒకటి తలకిందులుగా బారెల్ మూతిలో పెట్టి చూడు (రైఫిల్ ఖాళీ, బోల్టు బయట). గుండు చాలా లోపలికి దిగిపోతే మూతి అరిగినట్టు. మన దేశంలో వాడిన వాటిల్లో ఇది మామూలే, బారెల్ తుడిచే పుల్‌త్రూ తాడు వంకరగా లాగీ లాగీ ఒక వైపు కోసేస్తుంది. రాగి మరకలు పోయేదాకా సాల్వెంటుతో రెండు రోజులు కడుగు. ట్రిగ్గర్ జోలికి మాత్రం పోకు. అది రెండు అంచెల మిలిటరీ ట్రిగ్గర్, అలవాటు చేసుకుంటే బాగుంటుంది. దాన్ని ఆకురాయితో రుద్దిన వాళ్ల తుపాకులు కింద పెడితే పేలడం చూశాను.

ఇదంతా అయ్యాక మూడు రకాల తూటాలు తీసుకో, ఒక్కో రకంలో అన్నీ ఒకే లాటువి (ఒకేసారి తయారైనవి) కావాలి. ఒక్కోటీ ఐదేసి చొప్పున రెండు సార్లు కాల్చు, మధ్యలో బారెల్ చల్లారనివ్వు. ఆ కలగాపులగం పెట్టె డబ్బాలు కొట్టి సరదా పడటానికి ఉంచుకో.

కొత్తవాడు_చికాగో:

మధ్యలో దూరుతున్నందుకు సారీ. నేను హెచ్1బీ మీద ఉన్నాను, నేను కొనొచ్చా?

పాతచెక్క:

హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకి దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. మీ ఇల్లినాయ్‌లో రాష్ట్రం చట్టం ఇంకా గట్టిది. ఫ్రెండు చెప్పాడని కొనకు, లాయర్ని అడుగు. గ్రీన్ కార్డు కోసం ఇన్నేళ్లు ఎదురుచూసి దీని కోసం పోగొట్టుకుంటావా?

రిటైర్డ్_ఆర్మరర్ (కర్నూలు):

బాబూ, మీ నాన్నగారు ఏ బ్యాచో గాని, నేనూ ఆ నూనెలోనే బతికినవాణ్ని. ఒహాయో ఆయన చెక్క గురించి బాగా చెప్పారు. నావి రెండు మాటలు.

కాల్చే ముందు చాంబరూ బారెలూ పొడి చిందీ గుడ్డతో తుడిచి తీరాలి. చాంబర్లో నూనె ఉంటే తూటా కేసు గోడకి పట్టుకోదు, ఆ బరువంతా వెనక్కి బోల్టు మీద పడుతుంది. నూనె ఉన్న బారెల్లో మొదటి గుండు ఎక్కడికో పోతుంది, మనం ఫోర్‌సైట్‌ని తిట్టుకుంటాం.

రెండోది ఖర్చు లేనిది. ఖాళీ రైఫిల్‌తో, ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, లయింగ్ పొజిషన్లో (బోర్లా పడుకుని) బారెల్ మీద రూపాయి బిళ్ల పెట్టించుకో. బిళ్ల పడకుండా ట్రిగ్గర్ నొక్కాలి. రిక్రూట్లకి మేం చేయించేవాళ్లం. రోజుకి 20 సార్లు, నెల రోజులు. మీ దగ్గర రూపాయి లేకపోతే క్వార్టర్ పెట్టుకో, రూల్సు మార్చం.

ఇక్కడి కుర్రాళ్లు ఇది చదివి ఆశపడొద్దు. మన దేశంలో 7.62, త్రీనాట్‌త్రీ రెండూ ప్రొహిబిటెడ్ బోరే, అంటే మామూలు జనానికి ఇవ్వనివే.

అనంతపురం_అబ్బాయి (ఐదు వారాల తర్వాత):

అన్నా, సార్, అప్‌డేట్. నంబర్లు కలిశాయి. గేజి పెట్టించడానికి 30 డాలర్లు అయింది, హెడ్‌స్పేస్ బాగానే ఉందన్నారు. బ్యాండ్లు తీశానో లేదో ముందు చెక్క చేతిలో ఊడిపడింది! స్టడ్డు ఉంది, కింద స్ప్రింగు లేదు. స్ప్రింగు 14, ఇత్తడి రేకు 6. మసి పని తొమ్మిది సార్లు చేశా. మా ఆవిడ గ్యారేజీలోకి రావడం మానేసింది.

నిన్న పాత సైట్లతోనే, ఒకే లాటు తూటాలతో ఐదు గుళ్లు మూడుంబావు అంగుళాల్లో పడ్డాయి. పైకి ఎక్కడం ఆగింది. క్వార్టర్ మాత్రం ఇంకా పడిపోతూనే ఉంది సార్.

నాన్నకి వీడియో కాల్లో చూపించా. గ్రూపు సంగతి అడగలేదు. "పుల్‌త్రూ తిన్నగా లాగుతున్నావా?" అన్నాడు.

ఇప్పుడు తూటాల ఖర్చు పోను చేతిలో 160 ఉన్నాయి. స్కోపు ఏది?

పాతచెక్క:

భేష్. ఆ గ్రూపు 100 గజాల దగ్గర మూడు ఎంఓఏకి (ఒక ఎంఓఏ అంటే అక్కడ దాదాపు అంగుళం) కాస్త ఎక్కువ, పాత ఎన్‌ఫీల్డుకి మర్యాదైన గ్రూపు.

బ్యాక్‌సైట్ ఆకు తీసి అదే పిన్నుతో అక్కడ కూర్చునే స్కౌట్ మౌంటు (స్కోపుని ముందుకి, బారెల్ మీద నిలిపేది) ఒకటి దొరుకుతుంది, 70 లోపు. డ్రిల్లు అక్కర్లేదు. తీసిన సైటు, పిన్ను కవర్లో పెట్టి పేరు రాసుకో. దాని మీదికి కంటికి దూరంగా చూసే తక్కువ పవరు స్కోపు, రెండు మూడు రెట్లది, సెకండ్ హ్యాండులో వెతుకు. రిసీవర్ మీద పెట్టే పెద్ద స్కోపయితే క్లిప్పుతో తూటాలు నింపడానికి అడ్డం. స్క్రూలకి నీలం రంగు లాకింగ్ జిగురు వాడు, ఎరుపు వద్దు, మళ్లీ ఊడదు.

బోల్టు తీసి 25 గజాల టార్గెట్‌ని వెనకనుంచి బారెల్లోంచి చూడు, రైఫిల్ కదలకుండా స్కోపులోని క్రాస్‌హెయిర్ (అడ్డం నిలువు గీతలు) అక్కడికి తిప్పు. సగం తూటాలు మిగులుతాయి. స్కోపు మర ఒక్కో క్లిక్కు పావు ఎంఓఏ అయితే 100 గజాలకి నాలుగు క్లిక్కులు అంగుళం, 25కి 16 క్లిక్కులు. చాలామంది 25 దగ్గర నాలుగు తిప్పి, స్కోపు పనిచేయట్లేదని వాపసు పంపుతారు.

ఇంకోటి, స్కోపు పాత సైట్ల కన్నా ఎత్తుగా ఉంటుంది, చెంప గాల్లో తేలుతుంది. వంద డాలర్ల చీక్ ప్యాడ్ కొనకు. పాత తువ్వాలు మడిచి మడమ మీద పెట్టి మోకాలి బ్యాండేజీ చుట్టు. నాది ఆరేళ్లుగా అదే.