‘పుట్టుపూర్వోత్తరాలు’ సూపర్‌మ్యాన్‌కు నప్పుతుందా?

అనువాదకురాలు: అందరికీ నమస్కారం. ఒక పిల్లల పత్రిక కోసం సూపర్‌మ్యాన్ మీద వ్యాసం రాస్తున్నాను. ‘ఆరిజిన్ స్టోరీ’ అన్నచోట ‘పుట్టుపూర్వోత్తరాలు’ అని రాశాను. మా అమ్మ చదివి, “ఏం, అతనికి పిల్లనిస్తున్నారా?” అంది. అప్పటినుంచి ఆ మాట కంట్లో నలుసైంది. వేరే మాట ఏదైనా ఉందా? ఇంకో చిక్కు: ఆ కథ ఏ దశాబ్దంలో చూస్తే ఆ దశాబ్దంలో ఒక్కో తీరుగా ఉంది. ముందు చెప్పినదాన్ని తర్వాత మార్చి, మొదటినుంచీ ఇంతే అన్నట్టు రాయడాన్ని తెలుగులో ఏమంటాం?

చందమామ పాఠకుడు: మీ అమ్మగారి చెవి మంచిది. పుట్టుపూర్వోత్తరాలు ఆరా తీసే మాట. అద్దెకు ఇల్లు ఇచ్చేవాళ్లు, సంబంధాలు చూసేవాళ్లు వాడతారు. ‘జన్మవృత్తాంతం’ అనండి, గౌరవంగా ఉంటుంది.

అనువాదకురాలు: పదేళ్ల పిల్లలు చదవాలండీ. జన్మవృత్తాంతం అంటే పేజీ తిప్పేస్తారు.

తాటాకు: ‘పుట్టుకథ’ అనండి, పిల్లలకు నోరు తిరుగుతుంది. నన్నయ భారతంలో కర్ణుడి కులం గురించి ప్రశ్న వచ్చినప్పుడు దుర్యోధనుడు, సురలదీ శూరులదీ ఏరులదీ పుట్టుక తెలుసుకోవడం సాధ్యమా అని అడ్డుపడతాడు. సూపర్‌మ్యాన్‌కు ఈ మూడింటిలో ఏరు పోలిక బాగా కుదురుతుంది. ఏటి మొదలు వెతుకుతూ వెళితే ఒక్క ఊట కనిపించదు, పదిచోట్ల చెమ్మ కనిపిస్తుంది.

చెమ్మ ఎక్కడెక్కడో చెబుతాను. 1938లో ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచికలో అతని పుట్టుకథ మొత్తం ఒకే ఒక్క పేజీ. వృద్ధాప్యంతో నాశనమవుతున్న ఒక గ్రహం, దానికి పేరు లేదు. ఒక శాస్త్రవేత్త తన పసిబిడ్డను హడావిడిగా చేసిన నౌకలో పెట్టి భూమి వైపు వదులుతాడు. దారిన పోయే వాహనదారుడికి బిడ్డ దొరుకుతాడు, అనాథాశ్రమంలో అప్పగిస్తాడు. పెంచిన తల్లి లేదు, తండ్రి లేదు, పొలం లేదు. అంత బలం ఎలా వచ్చిందంటే, చీమ తన బరువుకు ఎన్నో రెట్లు మోయడం లేదా, మిడత అంత దూరం గెంతడం లేదా అన్నారు. అప్పటికి అతను ఎగరడు, గెంతుతాడు. ఒక్క గెంతుకు మైలులో ఎనిమిదో వంతు.

గ్రహానికి క్రిప్టాన్ అని పేరు పెట్టింది 1939 జనవరిలో మొదలైన దినపత్రికల ధారావాహిక. అదే ఏడాది ‘సూపర్‌మ్యాన్’ మొదటి సంచికలో అతన్ని పెంచిన కెంట్ దంపతులు వచ్చారు. తల్లి పేరు మేరీ, తండ్రికి పేరే లేదు. 1942 నాటి నవలలో వాళ్లు ఎబెన్, శారా. మనకు తెలిసిన జోనాథన్, మార్తా అన్న పేర్లు స్థిరపడింది 1950ల్లో. ఒక తల్లికి మూడు పేర్లు! మన తాళపత్రాల్లో ఇలాంటిది కనబడితే పాఠాంతరం అని అడుగున చిన్న అక్షరాల్లో వేసి ఊరుకుంటాం.

చందమామ పాఠకుడు: అతన్ని నీరసపరిచే ఆకుపచ్చ రాయి మాత్రం మొదటినుంచీ ఉన్నదేగా?

తాటాకు: లేదండీ. క్రిప్టోనైట్ 1943లో రేడియో నాటకంలో పుట్టి, 1949లో కానీ కామిక్ పుస్తకంలోకి రాలేదు. వాల్మీకంలో లేని లక్ష్మణరేఖ ఇవాళ రామాయణం తెలిసిన ప్రతివాడి నోటా ఉన్నట్టే ఇదీను. చెప్పుకునే కథలోంచి రాసుకునే కథలోకి వచ్చింది.

ఆ 1949 కథలోనే నాకు బాగా నచ్చిన ముచ్చట ఒకటుంది. తాను క్రిప్టాన్ బిడ్డనని సూపర్‌మ్యాన్‌కు మొదటిసారి తెలిసింది అప్పుడే. పాఠకులకు పదకొండేళ్లుగా తెలుసు, అతనికి తెలియదు. కర్ణుడి విషయంలోనూ అంతే కదా. భారతం వింటున్న ఊరంతటికీ తెలుసు, కృష్ణుడు చెప్పేదాకా కర్ణుడు రాధేయుడే.

మాస్టారు: ఆలస్యంగా వచ్చాను. తర్వాత వచ్చి చేరిన భాగానికి ‘ప్రక్షిప్తం’ అన్న మాట సిద్ధంగా ఉండగా కొత్త మాట ఎందుకమ్మా?

అనువాదకురాలు: నేనూ అదే అనుకున్నాను మాస్టారూ. కానీ ప్రక్షిప్తం అంటే ఎవరో తెలియకుండా చొప్పించారన్న నింద ఉంది కదా. ఇక్కడ దొంగతనం లేదు. కథ సొంతదారే మారుస్తున్నాడు.

తాటాకు: ‘సొంతదారు’ దగ్గర కొంచెం ఆగాలి. కథను కన్నవాళ్లు క్లీవ్‌ల్యాండ్ కుర్రాళ్లు, జెర్రీ సీగెల్, జో షూస్టర్. 1938లో 130 డాలర్లకు హక్కులన్నీ ప్రచురణ సంస్థకు రాసిచ్చేశారు. ఆ తర్వాత పుట్టుకథలో ఏం మారాలన్నా చివరి మాట సంస్థదే. కవి చేయి కాదు, అలాగని దొంగ చేయీ కాదు. అందుకే మాస్టారి మాట సగమే అతుకుతుంది.

పైగా ప్రక్షిప్తం అంటే చేర్పు. ఇక్కడ ఉన్నదాన్ని తీసేయడమూ ఉంది. 1939లో కెంట్ దంపతులు చనిపోయాకే అతను సూపర్‌మ్యాన్ అవుతాడు. 1986లో జాన్ బర్న్ ‘ద మ్యాన్ ఆఫ్ స్టీల్’ పేరుతో కథను మొదటినుంచి తిరగరాసినప్పుడు వాళ్లను బతికించాడు. పెద్దయ్యాక కూడా సూపర్‌మ్యాన్ వాళ్ల ఇంటికి వెళ్లి తన బాధ చెప్పుకుంటాడు. ఇది పేరు మార్చడం లాంటి చిన్న మార్పు కాదు. 1938లో అనాథ, 1986లో అమ్మానాన్నలున్న కొడుకు. బలం సంగతీ అంతే. గెంతేవాడు ఎగిరేవాడయ్యాక చీమ, మిడత చాలలేదు. తక్కువ గురుత్వాకర్షణ అన్నారు. 1960 నాటికి మన పచ్చని సూర్యుడి వెలుగే అతని బలానికి కారణమన్నారు.

చందమామ పాఠకుడు: పచ్చ అంటే మా ఇంట్లో సగంమందికి ఆకుపచ్చ. పసుపు అని రాయండి, లేకపోతే క్రిప్టోనైట్‌తో కలిసిపోతుంది.

తాటాకు: ఒప్పుకున్నాను, పసుపే.

మాస్టారు: అయితే ‘కల్పభేదం’ చూడండి. వినాయకుడి తలను శివుడు ఖండించాడని ఒక కథ, శని చూపు పడి తల పోయిందని బ్రహ్మవైవర్తం. శివపురాణం రెండోదాన్ని అబద్ధమనలేదు. అది వేరే కల్పంలో, అంటే వేరే సృష్టి కాలంలో జరిగిందని ఒక ముక్క చెప్పి, తన కథ తాను చెప్పుకుంది. ఎవరినీ నొప్పించలేదు.

అనువాదకురాలు: మాస్టారూ, సరిగ్గా ఇదే పని ఆ కామిక్స్ వాళ్లూ చేశారు! 1961లో ‘ఫ్లాష్’ అనే మరో వీరుడి కథ ఒకటి రెండు భూములను చూపించింది. పాతతరం వీరులది ఒకటి, కొత్తవాళ్లది ఒకటి. తర్వాత 1938 నాటి సూపర్‌మ్యాన్‌ను కూడా ఆ పాతతరం భూమి మనిషిని చేశారు. భూములు మరీ ఎక్కువైపోయాయని 1985-86లో పన్నెండు సంచికల కథతో అన్నిటినీ ఒక్కటి చేసేశారు.

మాస్టారు: ప్రళయం. అనుకున్నాను.

తాటాకు: రెండు కథలూ పక్కపక్కన బతికితే కల్పభేదం, సందేహం లేదు. కానీ ఆమె అడిగింది రెండోదాని గురించి. పాతదాన్ని చెరిపి, ఎప్పుడూ ఇంతే అనడం. అమెరికా కామిక్ పాఠకులు దాన్ని రెట్‌కాన్ అంటారు. దాని పూర్తి రూపం, ‘రెట్రోయాక్టివ్ కంటిన్యూటీ’, 1983లో ‘ఆల్ స్టార్ స్క్వాడ్రన్’ అనే కామిక్ ఉత్తరాల శీర్షికలో కనిపించింది. నా ప్రతిపాదన ‘వెనుదిద్దు’. వెనుదిరుగు, వెనుదీయు ఉన్నాయి కాబట్టి చెవికి కొత్త కాదు. క్రియగా వాడవచ్చు, ‘వెనుదిద్దుబాటు’ అని నామవాచకమూ వస్తుంది.

అతని ఛాతీ మీది గుర్తుతో సరిచూసుకోండి. మొదట అది ఉత్త ఎస్ అక్షరం, పేరులో మొదటి అక్షరం. 1978 సినిమాలో అది క్రిప్టాన్‌లో అతని వంశ చిహ్నమైంది. 2003లో మొదలైన ‘బర్త్‌రైట్’ కథలో ఆశకు గుర్తు అయింది. అంటే అక్షరం అక్షరం కాకుండా పోయింది, చూడటానికి మాత్రం అక్షరంలా ఉంటుందట! భాషాభిమానిగా దీన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. కానీ వెనుదిద్దుబాటుకు ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

మాస్టారు: వెనుదిద్దు… ‘వెనుక’ కాలానికీ చెల్లుతుంది, చోటుకూ చెల్లుతుంది. పిల్లలు వీపు మీద దిద్దడం అనుకుంటారేమో.

అనువాదకురాలు: వీపు మీద కేప్ ఉంది కదా మాస్టారూ, పరవాలేదు. ఇలా రాశాను, చూడండి: “సూపర్‌మ్యాన్ పుట్టుకథను 1986లో వెనుదిద్దారు. అంతకుముందు చనిపోయిన అమ్మానాన్నలు అప్పటినుంచి ఎప్పుడూ చనిపోలేదు.”

చందమామ పాఠకుడు: రెండో వాక్యం తప్పు కదండీ? ‘అంతకుముందు చనిపోయిన’వాళ్లు ‘ఎప్పుడూ చనిపోకపోవడం’ ఏమిటి?

తాటాకు: వ్యాకరణం ప్రకారం తప్పే. కథ ప్రకారం అలాగే ఉంచాలి. మీ అమ్మగారికి ఒకసారి చదివి వినిపించండి.