సర్వపిండిలో ‘సర్వ’, అమృతంలో ‘సర్వం’

అందరికీ నమస్కారం. మొన్న ఒక హోటల్‌లో మెనూ చూస్తుంటే సర్వపిండి కింద ‘అన్ని దినుసులూ కలిసిన పిండివంట’ అని రాసి ఉంది. మన గ్రూపులో కూడా ఇదే మాట రెండు మూడు సార్లు చదివాను. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, శనగపప్పు, ఉల్లాకు, కరివేపాకు అన్నీ పడతాయి కాబట్టి సర్వం కలిసిన పిండి అట. వినడానికి బాగానే ఉంది కానీ వరంగల్‌లో పుట్టిన నాకు గొంతు దిగదు. మా ఇంట్లో సర్వ అంటే గిన్నె.

ఒకేలా వినబడే ఈ రెండు మాటల గొడవ నాకు మొదట తెలిసింది అమృతం సీరియల్ ముందు కూర్చున్నప్పుడు. 2001లో జెమిని టీవీలో మొదలై 2007 దాకా నడిచింది, గుణ్ణం గంగరాజు గారి సృష్టి. మట్టెవాడలో మా ఇంట్లో ఆదివారం రాత్రి ఆ టైముకల్లా అన్నాలు అయిపోయి, చాపలు పరిచి ఉండేవి. అమృతం వేషానికి శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. మనిషి మారినప్పుడల్లా ఇల్లంతా గొణిగేది, నాలుగు వారాలకు అలవాటు పడేది. అమృతం స్నేహితుడు ఆంజనేయులు మాత్రం గుండు హనుమంతరావు గారే. 2018లో ఆయన పోయిన వార్త విని మా అమ్మ ఆ పూట అన్నం తినలేదు.

అందులో పేర్ల మీద ఎంత శ్రద్ధ పెట్టారో చూడండి. అమృతం అంటే చావు లేనిది. ఆయన భార్య పేరు సంజీవిని. ఇక సంజీవని కోసం కొండనే పెకిలించుకొచ్చినవాడి పేరు ఆయన ప్రాణస్నేహితుడికి. వాళ్ల అమృత విలాస్ హోటల్లో పనిచేసే అబ్బాయి సర్వం, ఆ పాత్ర వాసు ఇంటూరి వేశారు.

ఆ పేరు మొదటిసారి చెవిన పడ్డ రోజు మా నాయినమ్మ పల్లికాయ ఒలుస్తున్నది. చెయ్యి ఆపి, “గదేం పేరురా, మనిషికి సర్వ అని పెట్టిండ్రు?” అన్నది. నేను బడిలో చదువుకున్న ధీమాతో “సర్వ కాదు నాయినమ్మా, సర్వం. అంటే అన్నీ అని” అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. “నీళ్లు పెట్టెటోడు, గిన్నెలు కడిగెటోడు. సర్వనే” అని మళ్లీ ఒలుచుకోవడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి మా ఇంట్లో ఆ పాత్ర ‘సర్వ పిలగాడు’.

ఆమె సర్వ ఇత్తడిది, లోపల కళాయి పూత. అడుగున నూనె రాసి, సర్వపిండి ముద్దను అడుగు నుంచి అంచుల మీదికి వేళ్లతో పలుచగా ఒత్తేది. చూపుడువేలితో అక్కడక్కడా పొక్కలు పెట్టి, వాటిలో చుక్క చుక్క నూనె వేసి, మూత పెట్టి సన్నమంట మీద వదిలేసేది. ఒకటి తీశాక రెండోది వెంటనే ఒత్తలేరు, చేతులు కాలుతాయి. అందుకని సర్వను బోర్లించి వెనక నీళ్లు పోసేది. చుయ్యిమని ఆవిరి లేచేది. ఆ చప్పుడు వినబడితే రెండోది నా వంతు అని అర్థం. గిన్నె లేకపోతే ఆ వంటకు ఆ ఆకారమే రాదు. పేరు గిన్నెది కాక ఇంకెవరిది?

ఇంకొక సంగతి. సంస్కృతం నుంచి వచ్చిన ‘సర్వ’ మన నోట ఎక్కువగా సంస్కృత మాటల పక్కనే ఉంటుంది: సర్వజనులు, సర్వనాశనం, సర్వమంగళ. ‘పిండి’ లాంటి తెలుగు మాటకు దాన్ని అతికిస్తే పాత పండితులు వైరి సమాసం అని కొట్టేసేవారు. పొయ్యి దగ్గర కూర్చున్న మా ముసలివాళ్లు ఎదురుగా ఉన్న గిన్నె పేరు వదిలేసి ఆ సమాసం ఎందుకు కడతారు? మీ వైపు ఏమంటారో చెప్పండి.

*

— మాది కరీంనగర్ అన్నా. మా అమ్మగారింట్లో సర్వప్ప అంటరు, అత్తగారింట్లో గిన్నప్ప. రెండూ ఒకటే వంట. మా అత్తమ్మ సర్వ వాడదు, మందపాటి గిన్నెల ఒత్తుతది, అందుకే ఆ పేరు అనుకుంటున్న.

— మాది గుంటూరు. ఇలాంటిదే మేము తపాలా చెక్క అంటాం. తపాలా అంటే ఉత్తరాలు కదా, ఈ వంటకు ఆ పేరేమిటని చిన్నప్పుడు అడిగితే మా అమ్మమ్మ గూట్లోంచి తపేలా తీసి చూపించింది. అమృతం మేమూ వదలకుండా చూశాం. సర్వం పేరులో మీకు గిన్నె వినబడిందంటే ఆశ్చర్యంగా ఉంది, మా ఇంట్లో సర్వ అనే గిన్నె మాటే లేదు.

— అన్నీ కలిసినది అనే అర్థం కూడా ఉండనివ్వచ్చు కదండీ? తినేవాళ్లు అలాగే అనుకుంటున్నారు.

*

చివరి వ్యాఖ్య పెట్టిన వారికి: అనుకోవడాన్ని నేను ఆపలేను, ఆ అర్థం ముచ్చటగానే ఉంది. కానీ పై ఇద్దరి మాటలూ పక్కపక్కన పెట్టి చూడండి. గిన్నెలో ఒత్తితే గిన్నప్ప, తపేలాలో ఒత్తితే తపాలా చెక్క, మా చుట్టాల్లో కొందరు గంజులో ఒత్తి గంజు పిండి అంటారు. ఊరు మారితే పేరు మారుతున్నది, ప్రతి పేరులోనూ ఒక పాత్ర ఉన్నది. ఆ వరుసలో సర్వ ఒక్కటే ‘అన్నీ’ ఎట్లయితది? మెనూలో ఆ అర్థమే అచ్చైపోతుంటే, రేపు మా పిల్లలకు సర్వ అనే గిన్నె ఒకటుండేదని కూడా తెలియదు. నా బాధ అది.

గుంటూరు మిత్రులకు: హోటల్లో సర్వం పేరు మాత్రం సంస్కృతం సర్వమే, అందులో మీరే కరెక్టు. నాయినమ్మతో అప్పుడు ఒప్పించలేకపోయాను.

కరీంనగర్ చెల్లెకు: మీ అమ్మగారింట్లో సర్వ ఇంకా ఉంటే దానికి మెడ ఉన్నదా, అంచు సమంగా ఉన్నదా చూసి చెప్పమ్మా. మాది మా అమ్మ దగ్గర అటక మీద ఉన్నది, కళాయి పోయింది. ఆదివారం దింపి ఫొటో పెడతాను.